అక్షరం నెత్తిన గీత ఎందుకు అతుక్కుపోతోంది?

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో డీటీపీ షాపు నడుపుతున్నాను. అమెరికాలో ఉన్న మనవళ్ళ కోసం ఒక పెద్దాయన స్తోత్రాల పుస్తకం వేయిస్తున్నారు. తెలుగు పంక్తి కిందే ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా రావాలి, దీర్ఘానికి పైన అడ్డగీత, ట, డ, ణలకు కింద చుక్క పెట్టే పద్ధతిలో. 9 పాయింట్లలో స్క్రీన్ మీద చూస్తే ఇంగ్లిష్ 'ఎ' (a) మీది గీత అక్షరానికి అతుక్కుపోతోంది, ఞ కోసం 'ఎన్' (n) మీద పెట్టే మెలిక చదునైపోయి అదీ అడ్డగీతలాగే ఉంది. 10 పాయింట్లు చేస్తే బాగుంది. మా అబ్బాయి మ్యాక్‌లో 9లో కూడా విడిగానే కనిపిస్తోంది. పెద్దాయన ఫాంటు మార్చమంటున్నారు, 200 పేజీలు మళ్ళీ సర్దాలంటే టెన్షన్‌గా ఉంది. మార్చాలా సార్?

జవాబు: అప్పుడే మార్చకండి. ముందు ఒక పేజీ లేజర్ ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టండి, సగం గొడవ అక్కడే తీరుతుంది.

ఎందుకంటే, విండోస్ మామూలుగా అంగుళానికి 96 పిక్సెళ్ళ (స్క్రీన్ మీది చుక్కల) లెక్క వేసుకుంటుంది కాబట్టి నూరు శాతం జూమ్‌లో 9 పాయింట్ల అక్షరానికి మొత్తం 12 పిక్సెళ్ళ ఎత్తు దక్కుతుంది, అక్షరం పొట్ట, పైన గీత, కింద చుక్క, వాటి మధ్య సందులు అన్నీ అందులోనే ఇరుక్కోవాలి. ఆ ఎత్తుని ఫాంటులో 1000 భాగాలు చేశారని, 'ఎ'కీ గీతకీ మధ్య 40 భాగాల సందు వదిలారని అనుకుందాం. 12 పిక్సెళ్ళ దగ్గర ఆ సందు 0.48 పిక్సెల్. సగం పిక్సెల్ వెలిగించడం కుదరదు కాబట్టి దగ్గరి అంకెకి సవరిస్తే సున్నా. 10 పాయింట్లకి 13 పిక్సెళ్ళు వస్తాయి, సందు 0.52 అవుతుంది, సవరిస్తే ఒకటి. 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు వేసే ప్రింటరులోనైతే అదే 9 పాయింట్లకి 75 చుక్కలు, సందుకి ఏకంగా 3.

ఈ సవరణ ఎలా చేయాలో ఫాంటు లోపలే రాసిపెట్టే సూచనలనే హింటింగ్ అంటారు. 1991లో ఆపిల్ తెచ్చిన ట్రూటైప్ రకం ఫాంటుల్లో ఇవి చిన్న ప్రోగ్రాముల్లా ఉంటాయి. చిన్న అక్షరాల తలలన్నీ ఒకే వరసలో నిలబడాలి, నిలువు గీతలు ఒకే మందంలో ఉండాలి, ఇదీ వాటి పని. ఇబ్బంది గుర్తులతోనే. ఫాంటులో గీత ఉన్న 'ఎ'ని సాధారణంగా విడిగా గీయరు, మామూలు 'ఎ' తీసుకో, గీత తీసుకో, ఇంత పైన పెట్టు అని మాత్రం రాస్తారు. హింటింగేమో చదవడానికి బాగుంటుందని 'ఎ'ని ఒక పిక్సెల్ పైకి లాగుతుంది, గీతని మాత్రం దాని లెక్కలో అది ఎక్కడో సవరించి పెడుతుంది. అటక అక్కడే ఉంది, మనిషి పొడుగయ్యాడు, తల తగిలింది. మధ్యలో కనీసం ఒక పిక్సెల్ ఉండి తీరాలని డిజైనరు విడిగా సూచన రాస్తే ఇది జరగదు. కానీ మామూలు అక్షరాల మీద నెలల తరబడి కూర్చున్నవాళ్ళు కూడా మన సంస్కృతం చుక్కల దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంటారు.

మ్యాక్ ఈ హింట్లని పట్టించుకోదు. అక్షరాన్ని ఉన్న చోటే ఉంచి అంచుల్లో బూడిద రంగు నింపుతుంది, కాస్త మసకగా ఉన్నా గీత చోటు మారదు. విండోస్‌లో అక్షరాల అంచులు నునుపు చేసే క్లియర్‌టైప్ ఉందిగా అంటారేమో. దాని పాత పద్ధతిలో నునుపు చేసేది అడ్డంగానే, నిలువుగా కాదు. మీ గీతలూ చుక్కలూ ఉన్నది పైనా కిందా కదా, వాటికి ఒరిగేదేమీ లేదు. నిలువుగా కూడా నునుపు చేసే డైరెక్ట్‌రైట్ విండోస్ 7తో వచ్చింది, పాత సాఫ్ట్‌వేర్లు దాన్ని వాడుకోవు. ఇక లినక్స్ వైపు, అక్షరాలని స్క్రీన్ మీద గీసి పెట్టే ఫ్రీటైప్ అనే సాఫ్ట్‌వేర్ 2025లో 2.14 వెర్షన్‌గా వచ్చింది, అందులో గుర్తులు అక్షరానికి అతుక్కోకుండా, మెలిక చదునైపోకుండా ఆటోహింటరే (తనంతట తనే హింటింగ్ చేసే భాగం) చూసుకునేలా మార్పులు చేశారు.

పీడీఎఫ్‌ని 400 శాతానికి పెంచి చూడండి. గీత విడిపోతే ఫాంటు మంచిదే, ధైర్యంగా ప్లేటుకి పంపండి. అప్పుడూ అతుక్కునే ఉంటే మాత్రం ఫాంటుదే తప్పు, మార్చాల్సిందే. కింద చుక్క ఉన్న 'టి', 'ఎస్' పక్కవాటికన్నా లావుగానో వేరే వాటంగానో ఉన్నాయంటే అది హింటింగ్ కాదు, మీ ఫాంటులో ఆ అక్షరాలే లేక సాఫ్ట్‌వేర్ వేరే ఫాంటు నుంచి అరువు తెచ్చిందన్నమాట, ప్రింటులోనూ అలాగే వస్తుంది. ఈ-బుక్ కూడా వేస్తానంటే ఆ కాపీకి 10 పాయింట్లు పెట్టండి.

ప్రశ్న: నేను విజయవాడలో ప్రూఫులు చూస్తుంటాను. స్క్రీన్ మీద గుడికీ గుడిదీర్ఘానికీ, ద కీ ధ కీ తేడా తెలియడం లేదు. ఇదీ హింటింగేనా, నా కళ్ళజోడా?

జవాబు: కళ్ళజోడు సంగతి డాక్టరుగారే చెప్పాలి. మిగతాది మాత్రం చాలావరకు పిక్సెళ్ళ కరువే. తెలుగుకి పైన గుడి, మధ్యన అక్షరం, కింద ఒత్తు, మూడంతస్తులూ అదే ఎత్తులో పట్టాలి, అందుకే అసలు అక్షరం ఇంగ్లిష్‌కన్నా చిన్నగా మిగులుతుంది. గుడిదీర్ఘం కొసన ఉండే మెలిక, ధ కింది చిన్న గీత ఒక పిక్సెల్ కన్నా సన్నగా పడితే హింటింగ్ ఎంత బాగున్నా మిగిలేది మచ్చే. పైగా చాలా తెలుగు ఫాంటులకి చేత్తో చేసిన హింటింగ్ ఉండదు, ఆటోమేటిక్‌గా కానిచ్చేస్తారు. ప్రూఫు 150 శాతం కన్నా తక్కువ జూమ్‌లో చూడనని చెప్పేయండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అసలే తీసుకోకండి, పీడీఎఫ్ అడగండి. విధి, విది అయిపోయినా ఆ ఫొటోలో దొరకదు, అచ్చయ్యాక దొరుకుతుంది.