స్వేచ్ఛ ఇచ్చానంటున్న నాన్నగారికి

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఫైనలియర్. పొలిటికల్ సైన్స్‌లో ఎంఏ చేసి, పదిహేడో శతాబ్దపు యూరప్ ఆలోచనాపరులు బానిసత్వం, స్వేచ్ఛ గురించి ఏం రాశారో రీసెర్చ్ చేస్తానంటోంది. ఆ చదువుకు ఉద్యోగం ఎవరిస్తారు? ఎంఏ మేలా, పబ్లిక్ పాలసీ మాస్టర్స్ మేలా? నేనెప్పుడూ ఆంక్షలు పెట్టలేదు, పూర్తి స్వేచ్ఛ ఇచ్చాను. అదే మాటంటే, 'ఇచ్చావంటే అది నీ చేతిలో ఉన్నట్టే కదా నాన్నా' అంటోంది.
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: మీకు నిద్ర పట్టనివ్వనిది ఉద్యోగం కాదండీ, ఆ చివరి మాట. ముందు దాని సంగతే చూద్దాం.

మీ అమ్మాయి ఎదురు చెప్పలేదు, చదివింది అప్పజెప్పింది. రోమన్ చట్టం ప్రకారం మరొకరి అధికారం కింద బతికేవాడు స్వతంత్రుడు కాడు, వీపు మీద కొరడా పడినా పడకపోయినా. ఇంగ్లండ్‌లో రాజుల పెత్తనాన్ని ఎదిరించినవాళ్లు ఈ వాదాన్నే ఎత్తుకున్నారు. లోకంలోకెల్లా మంచి యజమానిని కొలిచేవాడు కూడా బానిసేనని ఆల్జెర్నన్ సిడ్నీ రాశాడు. అచ్చు కాని ఆ రాతప్రతినే కోర్టులో సాక్ష్యంగా చూపించి 1683లో ఆయన తల తీశారు.

ఇక అదే కాలపు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్. బానిసత్వం అతి నీచమైన స్థితి అంటూ మొదలయ్యే పుస్తకాన్ని 1689లో అచ్చేసిన ఈ పెద్దమనిషికే, ఆఫ్రికా నుంచి బానిసలను తరలించి అమ్మిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాలుండేవి. అమెరికాలో ఇంగ్లిష్‌వాళ్ల కరోలినా వలస రాజ్యానికి 1669లో రాసిన రాజ్యాంగంలోనూ ఆయన చెయ్యి ఉంది. నల్లజాతి బానిసల మీద యజమానికి సంపూర్ణాధికారం ఇచ్చిన రాజ్యాంగం అది. న్యాయమైన యుద్ధంలో పట్టుబడ్డవాణ్ణే బానిసను చేయొచ్చని లాక్ సిద్ధాంతం. మరి బానిస తల్లికి పుట్టిన పసిబిడ్డ ఏ యుద్ధం చేసింది? పండితులు దీని మీద ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. అంటే రీసెర్చ్‌కు చోటుందన్నమాట.

పబ్లిక్ పాలసీ ఇప్పుడు ఫ్యాషన్. నాకు మాత్రం అనుమానాలున్నాయి. ప్రైవేటు సంస్థల్లో ఫీజు లక్షల్లో ఉంటుంది. పని అనుభవం లేకుండా డిగ్రీ అయిన వెంటనే చేరిన పిల్లలు కొందరు కన్సల్టెన్సీల్లో స్లైడ్లు తయారు చేస్తూ, 'ఇందుకా చదివింది' అని నాకే ఫోన్ చేస్తుంటారు. అక్కడ అన్నం పెట్టేది స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్. అవి ఎంఏ చేస్తూ కూడా నేర్చుకోవచ్చు. సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏకు అయ్యే ఖర్చు దీని ముందు చాలా తక్కువ. రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, జేఆర్‌ఎఫ్, వస్తే నెలకు 37,000 రూపాయలు. సివిల్స్‌లో పొలిటికల్ సైన్స్ ఆప్షనల్ తీసుకుంటే, ఆ సిలబస్‌లో లాక్, ఆ శతాబ్దపు మరో ఆలోచనాపరుడు హాబ్స్ ఎలాగూ ఉన్నారు. లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్ల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, అవి ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు.

కాస్త గట్టిగానే అంటున్నాను, ఏమీ అనుకోకండి. ఇంజనీరింగ్ సీటుకు డొనేషన్ కట్టడానికి అప్పు చేసే తండ్రులు, ఎంఏ అనేసరికి ప్రతి రూపాయికీ లెక్క అడుగుతారు. స్వేచ్ఛ ఇచ్చానంటూనే ఉద్యోగం పేరుతో వెనక్కి లాక్కుంటే ఆ పిల్ల అన్నదే నిజమవుతుంది కదా! మగవాళ్లందరూ స్వేచ్ఛగా పుడితే ఆడవాళ్లందరూ బానిసలుగా ఎలా పుట్టారని 1706లోనే ఇంగ్లిష్ రచయిత్రి మేరీ ఆస్టెల్ అడిగింది. మీ అమ్మాయి ఇంకా అంతదాకా వచ్చినట్టు లేదు, సిద్ధంగా ఉండండి.

పిల్ల చెడిపోలేదు, చేజారిపోనూ లేదు. వాదించడానికి ముందు మీ దగ్గరికే వచ్చింది. ఆమెను ఒకటి మాత్రం అడగండి. నేను చెప్పినవాళ్లు ఇంగ్లిష్‌లో రాశారు గానీ, ఆ కాలపు యూరప్ రాతల్లో చాలా భాగం లాటిన్‌లో, ఫ్రెంచ్‌లో ఉన్నాయి, ఏ భాష ఎప్పుడు మొదలుపెడుతున్నావని. దానికి జవాబు లేకపోతే మళ్లీ రాయండి, అప్పుడు మీతోపాటు నేనూ టెన్షన్ పడతాను.