జర్మనీయా కెనడాయా తర్వాత, ముందు మీ అన్నయ్యకు ఫోన్ చేయండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్య, ఐదేళ్ల పాప. అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు. అన్నయ్య పద్నాలుగేళ్లుగా డాలస్‌లో ఉన్నాడు. రెండు వారాలకోసారి తెనాలి వెళ్లి మందులూ బ్యాంకు పనులూ చూసొచ్చేది నేనే. పోయినేడు నాన్నకు స్టెంట్ వేసినప్పుడు అన్నయ్య వీడియో కాల్‌లో డాక్టరును ప్రశ్నలడిగాడు, బిల్లు నేను పీఎఫ్ తీసి కట్టాను. ఇంటికెవరొచ్చినా నాన్న పెద్దకొడుకు గురించి పది నిమిషాలు చెప్పి, ఆఖర్లో "చిన్నాడు ఇక్కడే ఉంటాడు లెండి" అంటారు. ఇప్పుడు నాకు జర్మనీ నుంచి ఆఫర్ వచ్చింది. కెనడాలో శాశ్వత నివాసానికీ (పీఆర్) ప్రయత్నించవచ్చు. అద్దెలు, పన్నులు, స్కూళ్లు, వైద్యం, చలి ఇలా 38 అంశాలతో రెండు దేశాలనూ పోలుస్తూ ఎక్సెల్ షీట్ తయారు చేసి జతచేస్తున్నాను. కుటుంబానికి ఏ దేశం మంచిది? మా ఆవిడ ఎక్కడికైనా సరే అంటోంది. (పేరు రాయొద్దన్నారు)

జవాబు: షీట్ చూశాను. శ్రద్ధగానే చేశారు. బెర్లిన్‌లో కిండర్‌గార్టెన్ ఫీజు లేదని, టొరంటోలో జనవరి చలి ఎంతని, దేనికది వేరే రంగు. ముప్పై నాలుగో వరసలో మాత్రం "పేరెంట్స్" అని రాసి, రెండు గడుల్లోనూ "తర్వాత చూద్దాం" అని పెట్టారు. మిగతా 37 వరసలకు దొరికిన సమాచారం ఈ ఒక్కదానికే దొరకలేదా?

మీరు అడిగినదానికి జవాబు త్వరగా చెప్పేస్తాను. చేతిలో ఆఫర్ ఉంది కాబట్టి జర్మనీ. అక్కడ ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేరితే, భార్యకు ఉద్యోగం లేకపోయినా ఆవిడకీ పాపకీ వేరే ప్రీమియం ఉండదు. నిపుణులకిచ్చే బ్లూ కార్డు అనే అనుమతి మీద వెళ్లి జర్మన్ భాష బి1 అనే మధ్యస్థాయి దాకా నేర్చుకుంటే 21 నెలలకు, ఏ1 అనే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతే 27 నెలలకు శాశ్వత నివాసానికి అర్హత వస్తుంది. భాష రాకపోయినా ఆఫీసులో బండి నడుస్తుంది గానీ, ఇంటికొచ్చిన ప్రభుత్వ ఉత్తరం చదవాలన్నా పాప టీచరుతో మాట్లాడాలన్నా పక్కవాళ్లను బతిమాలుకోవాలి. కెనడాలో ఇంగ్లిష్ చాలు. కానీ మార్కులు చూసి పీఆర్‌కు ఎంచుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో 30వ ఏట నుంచే వయసు మార్కులు తగ్గడం మొదలవుతుంది, మీకు 36. పైగా అక్కడ చాలాచోట్ల ఫ్యామిలీ డాక్టరు దొరకడమే గగనం. ఇంతే. దీనికి 38 వరసలక్కర్లేదు.

మీరు మూడు పేజీలు రాశారు, ఇక్కడ కుదించి ఇచ్చాం. అందులో జర్మనీ మాట ఐదుసార్లు, కెనడా మాట నాలుగుసార్లు వచ్చింది. అన్నయ్య పదిహేడుసార్లు. పెన్ను పట్టుకుని లెక్కపెట్టాను.

నాన్నగారి "లెండి" ఎక్కడ గుచ్చుకుందో నాకు అర్థమైంది. వచ్చినవాళ్లకు నాసిరకం సరుకు చూపిస్తూ సర్దిచెబుతున్నట్టుంటుంది ఆ మాట. అయినా ఆయన్ని నేను తప్పు పట్టను. కళ్లెదుట లేని కొడుకు గురించి నలుగురికీ చెప్పుకుంటారు. ఎదురుగా నిలబడి కాఫీ గ్లాసులు అందిస్తున్నవాడి గురించి కొత్తగా చెప్పేదేముంది? దూరపు కొండలు నునుపని ఊరికే అనలేదు. ఈ వయసులో ఆయన్ని మార్చబోకండి. మీ పేచీ అన్నయ్యతో.

స్టెంట్ బిల్లు ఎంతయిందో అన్నయ్యకు చెప్పారా? లేదు. "అడగడం నాకిష్టం లేదు, ఆయనకే తెలియాలి" అని మీరే రాశారు. ఎలా తెలుస్తుందండీ? డాలస్‌లో కూర్చున్న మనిషికి మీ పీఎఫ్ పాస్‌బుక్ కనబడుతుందా? మీరు దీన్ని ఆత్మాభిమానం అనుకుంటున్నారు. నా లెక్కలో ఇది అలక. ఇన్నేళ్లుగా అలిగి, అలిగినట్టు అవతలి మనిషికి తెలియకుండా జాగ్రత్తపడ్డారు. ఇప్పుడు ఏకంగా విమానమెక్కి తెలియజేద్దామనుకుంటున్నారు.

వెళ్లొద్దని నేను అనను. చిన్నకొడుకు కాబట్టి ఊళ్లోనే పడుండాలని ఎక్కడా లేదు. కన్నవాళ్లను చూసుకోవడం బాధ్యతే, అందులో నాకు రెండో మాట లేదు. అయితే అది ఇద్దరిదీ. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కూడా పెద్దకొడుకనీ చిన్నకొడుకనీ తేడా పెట్టలేదు, కూతుళ్లనూ కలిపే చెప్పింది. విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ వర్తిస్తుందని మొదట్లోనే రాసి ఉంది. సెక్షన్లు చూపించి అన్నయ్యను బెదిరించమని కాదు, మీకు తెలిసుండాలని చెబుతున్నాను.

గ్రీన్ కార్డు రాలేదు కాబట్టి కదల్లేనని ఆయన అంటున్నారట. మనవాళ్లకు ఆ క్యూ ఎంత పొడుగో అందరికీ తెలుసు, అబద్ధమని అనను. కానీ నెలనెలా డబ్బు పంపడానికి గ్రీన్ కార్డుతో పనేముంది? విజిటర్ వీసా మీద పిలిపించుకుంటే అమ్మానాన్నలను మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు కదా.

పోనీ, వాళ్లను మీతోనే తీసుకెళ్దామని మనసులో ఉందేమో. జర్మనీలో 2024 మార్చి నుంచి కొత్తగా వెళ్లే నిపుణులు తల్లిదండ్రులను రప్పించుకునే వీలు ఇచ్చారు. కాగితం మీద బాగుంది. స్టెంట్ వేయించుకున్న పెద్దాయనకు అక్కడ చెల్లే ఆరోగ్య బీమా చూపించాలి, పీటముడి అక్కడ పడుతుంది. కెనడాలో తల్లిదండ్రుల పీఆర్‌కు 2020లో నమోదైన పేర్లలోంచే ఏళ్ల తరబడి పిలుస్తూ వచ్చారు. ఇక తల్లిదండ్రులు వచ్చి ఉండిపోవడానికి కాక, చూసి వెళ్లడానికిచ్చే సూపర్ వీసా. వెళ్లిన ప్రతిసారీ ఐదేళ్ల దాకా ఉండొచ్చు, దానికీ కనీసం లక్ష డాలర్ల వైద్య బీమా కావాలి. అసలు, పాల ప్యాకెట్ తేవడానికి వెళ్లి వీధిలో గంటసేపు కబుర్లు చెప్పొచ్చే మనిషి ఆ మంచులో తలుపులేసుకుని కూర్చుంటారా? వాళ్లు తెనాలిలోనే ఉంటారు. అలా అనుకునే మాట్లాడండి.

ఆదివారం పొద్దున తొమ్మిదికి ఫోన్ చేయండి. డాలస్‌లో అప్పుడు శనివారం రాత్రి, పిల్లలు పడుకునే వేళ. పాత లెక్కలన్నీ తీయొద్దు. స్టెంట్ బిల్లు ఒక్కటి చెప్పండి, తిరిగి ఇమ్మని కాదు, తెలియాలని. తర్వాత మీరు వెళ్తున్న సంగతి చెప్పండి. ఇంట్లో తోడుండే మనిషికి జీతం, మందులు, ఆసుపత్రి కోసం విడిగా కొంత డిపాజిట్, ఇవి చెరిసగం. ఏడాదిలో ఆయనొకసారి, మీరొకసారి రావాలి. అర్ధరాత్రి ఏదైనా జరిగితే ముందు ఎవరు ఫ్లైట్ ఎక్కాలో కూడా ఇప్పుడే అనుకోండి.

"నువ్వూ వెళ్లిపోతే ఎలా రా?" అంటారాయన. అనకపోతే ఆశ్చర్యం. కోపం తెచ్చుకోవద్దు, తగ్గనూ వద్దు. "నువ్వు వెళ్లినప్పుడు నేనున్నాను అన్నయ్యా. ఇప్పుడెలాగో నువ్వు చెప్పు" అని ఊరుకోండి. అవతల ఎంతసేపు చప్పుడు లేకపోయినా మీరు మాత్రం మాట అందించకండి. నా వల్ల కాదంటే, ఆ ముక్కైనా ఆయన నోట వింటారు. ఖర్చంతా మీదేనని తెలిసి జీతం లెక్క వేసుకోవచ్చు.

మీ ఆవిడ సంగతి. అమ్మగారికి కంటి ఆపరేషన్ అయినప్పుడు పది రోజులు తెనాలిలో ఉండి గంటగంటకూ చుక్కలు వేసింది ఆవిడేనని ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. ఆవిడ "ఎక్కడికైనా సరే" అనడం ఇష్టమో, విసుగో నాకు తెలియలేదు. మీకు తెలుసా? షీట్ పక్కన పెట్టి అడగండి.

ఫోన్ హైదరాబాద్ నుంచే చేయండి, తెనాలి ఇంట్లోంచి వద్దు. స్పీకర్ పెట్టొద్దు. ముప్పై నాలుగో వరసలో ఏం రాశారో తర్వాత నాకు చెప్పండి.