ఓడ నాసోలో ఆగినప్పుడు ఆర్ట్ గ్యాలరీ చూడొచ్చా?

ప్రశ్న: అమ్మాయి అట్లాంటాలో ఉంటుంది. మయామీ నుంచి బహామాస్ క్రూజ్‌కు తీసుకెళ్తానంటోంది. చూసిన రెండు ట్రిప్పుల్లో ఒకటి నాసోకు శనివారం చేరుతుంది, ఇంకోటి సోమవారం. మావారు రిటైరైన డ్రాయింగు మాస్టారు, బీచ్ మీద ఆసక్తి లేదు. అక్కడి ఆర్ట్ గ్యాలరీ చూడాలంటున్నారు. నాకు మోకాళ్ల నొప్పులు. కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: శనివారం ట్రిప్పే బుక్ చేయించండి. నేషనల్ ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ ది బహామాస్‌కు సోమవారం సెలవు. ఆదివారం ఓడ దిగేవాళ్లకూ చిక్కే, మధ్యాహ్నం 12 దాకా తలుపు తీయరు. మిగతా రోజుల్లో 10కి తెరుస్తారు కాబట్టి, ఓడ పొద్దున్నే ఆగినా తొందరపడి మొదటి గుంపులో దిగక్కర్లేదు. సెలవుల్లో వేళలు మారుతుంటాయి, బయల్దేరే ముందు వాళ్ల సైట్ ఒకసారి చూసుకోండి.

గ్యాలరీ ఉన్నది విల్లా డాయిల్ అనే పాత బంగళాలో. 1860లలో కట్టిన ఇల్లు, 2003లో గ్యాలరీగా తెరిచారు. రేవు నుంచి బే స్ట్రీట్ మీద పడమరగా, స్ట్రా మార్కెట్ దాటి వెళ్లి, వెస్ట్ స్ట్రీట్‌లో ఎడమకు తిరిగి పైకెక్కాలి. నడిస్తే పావుగంట, ఇరవై నిమిషాలు. దూరం కాదు, చివర్లో వచ్చే ఎత్తే మీ మోకాళ్లకు ఇబ్బంది. పోయేటప్పుడు టాక్సీ ఎక్కి, వచ్చేటప్పుడు దిగుడు కాబట్టి నిదానంగా నడవండి. టాక్సీ ఎక్కకముందే ఎంతో అడిగి ఖాయం చేసుకోండి. అక్కడ బళ్లు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి. రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త చెప్పాల్సింది మీకు కాదు, అమెరికాకు అలవాటుపడ్డ మీ అమ్మాయికి!

లోపల గంటన్నర చాలు. మాస్టారు ముందు ఏమస్ ఫెర్గూసన్ (1920–2009) బొమ్మలు ఏ గదిలో ఉన్నాయో అడగాలి. ప్రదర్శనలు మారుతుంటాయి గనుక అన్నీ ఎప్పుడూ గోడ మీద ఉండవు. ఆయన ఇళ్లకు రంగులు వేసే మనిషి. ఆ ఇంటి రంగులతోనే అట్టల మీద బైబిలు కథలు, పూలు, పండగలు వేశారు. బొమ్మ మీద సంతకం కూడా పెద్ద అక్షరాల్లో 'పెయింట్ బై మిస్టర్ ఏమస్ ఫెర్గూసన్' అని ఉంటుంది, 'మిస్టర్' వదలకుండా. జంకనూ ఊరేగింపు బొమ్మలు కనిపిస్తే అక్కడా ఆగండి. డిసెంబరు 26న, కొత్త సంవత్సరం రోజున జరిగే ఈ పండగలో అట్టకు సన్నగా కత్తిరించిన క్రేప్ కాగితం అంటించి వేషాలు కడతారు. మేకతోలు డోళ్లను మన డప్పులాగే మంట మీద కాచి బిగువు తెస్తారు.

డబ్బు మార్చుకునే పని లేదు. బహామాస్ డాలరు, అమెరికా డాలరు సమానం, రెండూ చెల్లుతాయి. చిల్లర వాళ్ల నోట్లలో ఇస్తే అక్కడే ఖర్చు చేసేయండి, బయట ఎవరూ తీసుకోరు.

రేవు గేటు దగ్గర ఓడ కార్డు ఒక్కటే చాలదు, ఫొటో ఉన్న గుర్తింపు కార్డూ అడుగుతారు. చాలామంది దాన్ని గదిలో వదిలేసి ఇరుక్కుంటారు. ఓడ సాయంత్రం 5కి కదులుతుందంటే అప్పటికి చేరితే కుదరదు, ఎక్కాల్సిన ఆఖరి వేళ అంతకుముందే ఉంటుంది. దిగేటప్పుడే ఆ వేళ రాసుకోండి. ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, మ్యాపు ముందే దించుకుంటే రోమింగ్ బిల్లు బాధ ఉండదు.

క్వీన్స్ స్టెయిర్‌కేస్ కూడా చూపిస్తామంటారు. రాతిలో తొలిచిన 60కి పైగా మెట్లు, అదీ గ్యాలరీకి ఎదురు దిక్కున. మీరు మానేయండి.