ఫీజు సున్నా అన్నారు, మరి డబ్బెందుకు తగ్గింది?

ప్రశ్న: నేను ఫ్రీలాన్స్‌గా గ్రాఫిక్ డిజైన్ చేస్తానండి. వేరే దేశంలో ఉన్న క్లయింట్‌కి 1000 డాలర్ల ఇన్వాయిస్ పంపాను, ఆయన మొత్తం పంపేశానని స్లిప్ కూడా చూపించారు. తీరా నా అకౌంట్లో పడింది చూస్తే దాదాపు ఐదు శాతం తక్కువ. బ్యాంకుని అడిగితే మేం తీసుకున్నది చాలా చిన్న ఫీజేనండి అంటున్నారు. మరి మిగతాది ఎటు పోయింది?

జవాబు: మీ క్లయింట్ అబద్ధం చెప్పలేదు, బ్యాంకు వాళ్ళు చెప్పిందీ నిజమే అయ్యుండొచ్చు. డబ్బు ఒక్క చోట పోలేదు, మూడు చోట్ల కొంచెం కొంచెం పోయింది, అందులో పెద్ద ముక్క ఏ స్లిప్పులోనూ ఫీజు అని కనిపించదు.

లెక్క తేలిగ్గా ఉండటానికి మార్కెట్లో ఒక డాలర్‌కి మీ కరెన్సీ 100 యూనిట్లు ఉంది అనుకుందాం, అంటే మీకు 1,00,000 రావాలి. దారిలో మధ్యవర్తి బ్యాంకు 20 డాలర్లు కోసుకుంది, 980 మిగిలాయి. మీ బ్యాంకు వాటిని 100కి కాకుండా 97.5కి మార్చింది, 95,550 అయ్యాయి. తర్వాత ఇన్‌వర్డ్ చార్జీ, అంటే బయటినుంచి డబ్బు వచ్చినందుకు తీసుకునే ఫీజు అని ఒక 500 తీసింది. చేతికొచ్చింది 95,050. పోయిన 4,950లో బ్యాంకు మీకు చెప్పిన ఫీజు ఆ 500 మాత్రమే, రేటులో పోయింది మాత్రం 2,450. చూశారా, అన్నిటికంటే పెద్ద ఖర్చుకి రసీదే లేదు.

ఆ 100 అన్నాం కదా, దాన్ని మిడ్ మార్కెట్ రేటు అంటారు, పెద్ద బ్యాంకులు ఒకరికొకరు కొనే రేటుకీ అమ్మే రేటుకీ సరిగ్గా మధ్యలో ఉండేది. గూగుల్‌లో వెతికితే దాదాపు అదే కనిపిస్తుంది. మనలాంటి వాళ్ళకి ఆ రేటు యథాతథంగా ఇచ్చేవాళ్ళు తక్కువ, బ్యాంకైనా యాపైనా దాన్నుంచి కొంచెం కిందకి దించి ఇస్తారు, ఆ తేడానే స్ప్రెడ్ లేదా మార్కప్. వ్యాపారం అన్నాక మార్జిన్ ఉంటుంది, అది తప్పని నేననను. కానీ "జీరో ఫీజు" అని పెద్ద అక్షరాల్లో రాసి మొత్తం రేటులోంచి లాగడం మాత్రం నాకు అస్సలు నచ్చదు, ఎందుకంటే ఇద్దరి సర్వీసులు పోల్చి చూసుకునే అవకాశమే మనకి లేకుండా పోతుంది.

ఇక మధ్యవర్తి సంగతి. స్విఫ్ట్ అంటే డబ్బు మోసుకొచ్చే వ్యవస్థ అని చాలామంది అనుకుంటారు గానీ అది 1973లో బెల్జియం కేంద్రంగా మొదలైన బ్యాంకుల మెసేజ్ నెట్‌వర్క్, అసలు డబ్బు బ్యాంకులు ఒకదాని దగ్గర ఒకటి తెరిచి పెట్టుకున్న అకౌంట్ల ద్వారానే కదులుతుంది. మీ క్లయింట్ బ్యాంకుకీ మీ బ్యాంకుకీ మధ్య అలాంటి అకౌంట్ లేకపోతే మధ్యలో ఇంకో బ్యాంకు, ఒక్కోసారి రెండు వస్తాయి, వాళ్ళు కూలి తీసుకునే ముందుకి పంపుతారు. పంపేటప్పుడు చార్జీలు ఎవరు భరించాలో ఎంచుకునే ఆప్షన్ ఒకటుంటుంది: ఔర్ అంటే అంతా పంపేవాళ్ళదే, షా అంటే చెరి కొంత, బెన్ అంటే అంతా మీ నెత్తినే. చాలామంది క్లయింట్లు అదేంటో చూడకుండా షా మీద వదిలేస్తారు.

మీరిప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. పేమెంట్ మెసేజ్ కాపీ ఇమ్మని క్లయింట్‌ని తన బ్యాంకులో అడగమనండి. ఇదివరకు దాన్ని ఎంటీ103 అనేవాళ్ళు, ఐఎస్ఓ 20022 అనే కొత్త మెసేజ్ ఫార్మాట్‌కి మారాక పాక్స్.008 అంటున్నారు, ఏ పేరుతో అడిగినా బ్యాంకు వాళ్ళకి అర్థమవుతుంది. పంపమన్న మొత్తం ఎంత, ఏ చార్జీ ఆప్షన్ పెట్టారు అనేవి అందులో ఉంటాయి. యూఈటీఆర్ అని ఒక పొడుగాటి ట్రాకింగ్ నంబర్ కూడా ఉంటుంది, దాంతో మధ్యలో ఎవరెంత కోశారో చాలాసార్లు బ్యాంకు చూసి చెప్పగలదు. మీ బ్యాంకునైతే ఫీజెంత అని అడగొద్దు, ఏ రోజు ఏ టైముకి ఏ రేటు వేశారో రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ఆ టైముకి మిడ్ మార్కెట్ రేటు పక్కన పెట్టుకుంటే మార్కప్ ఎంతో మీకే తెలిసిపోతుంది, రెగ్యులర్‌గా డబ్బు వస్తున్న కస్టమర్ అయితే ఆ కాగితం చేతిలో పెట్టుకుని మార్కప్ తగ్గించమని బేరమాడొచ్చు కూడా, మొహమాటపడకండి.

ప్రశ్న: నావన్నీ చిన్న చిన్న ట్రాన్స్‌లేషన్ పనులు, ఒక్కోటి 200 డాలర్లు. వారం వారం తెప్పించుకోవడం మంచిదా, నెలకోసారా?

జవాబు: పై లెక్కలో 1000 బదులు 200 పెట్టి చూడండి. మధ్యవర్తి 20 డాలర్లు అంతే, బ్యాంకు 500 అంతే, మిగిలిన 180 డాలర్లు 97.5 చొప్పున మారితే 17,550, అందులో 500 పోతే 17,050. అంటే 20,000 రావాల్సిన చోట దాదాపు 15 శాతం పోయింది! ఇలా ఐదుసార్లు తెప్పించుకుంటే 14,750 పోతుంది, అదే 1000 డాలర్లు ఒకేసారి అయితే 4,950. కాబట్టి వైర్ ట్రాన్స్‌ఫర్, అంటే ఇలా స్విఫ్ట్ ద్వారా బ్యాంకు నుంచి బ్యాంకుకి వచ్చేది అయితే కలిపి తెప్పించుకోవడమే. కానీ కొత్త క్లయింట్ దగ్గర నెల పనంతా బాకీ పెట్టడం నాకిష్టం లేదు, ఎగ్గొడితే మొత్తం పోతుంది, చార్జీలు మిగిల్చుకుందామని పోయి అసలుకే ఎసరు తెచ్చుకోవద్దు. నమ్మకం కుదిరేదాకా కొంత అడ్వాన్సు తీసుకోండి, లేదంటే ఫిక్స్‌డ్ చార్జీ లేని దారి చూడండి, దాని గురించి కింద ఇంకొకరు అడిగారు.

ఇంకో మాట, కలిపి తెప్పించుకుంటే తగ్గేది ఫిక్స్‌డ్ చార్జీలే, రేటులో పోయేది శాతం లెక్క కాబట్టి ఎన్నిసార్లు తెచ్చుకున్నా అంతే పోతుంది.

ప్రశ్న: వైజ్, పేయోనీర్ లాంటి ఆన్‌లైన్ పేమెంట్ సర్వీసుల్లో మనకి అమెరికా అకౌంట్ నంబర్, యూరో ఐబ్యాన్ (యూరప్ తరహా అకౌంట్ నంబర్) ఇస్తారంట కదా, నిజంగా ఖర్చు తగ్గుతుందా? నా క్లయింట్లు ఎక్కువ యూరప్ వాళ్ళు, నేను మాత్రం డాలర్లలోనే బిల్లు వేస్తున్నాను.

జవాబు: రెండో వాక్యంలోనే మీ డబ్బు పోతోందండీ. యూరోల్లో సంపాదించే క్లయింట్‌కి మీరు డాలర్ బిల్లు వేస్తే అక్కడ యూరో డాలర్ అవుతుంది, ఇక్కడ డాలర్ మీ కరెన్సీ అవుతుంది, రెండు మార్పిళ్ళు, రెండు మార్కప్‌లు. మొదటి మార్కప్ క్లయింట్ కట్టుకుంటున్నాడులే అనుకోకండి, మీ ధర ఎక్కువైందని ఆయనకి అనిపించేది ఆ మొత్తం చూసే. ఆయన కరెన్సీలోనే బిల్లు వేసి, ఆ కరెన్సీలోనే తీసుకుని, ఒకే ఒక్కసారి మార్చుకోవాలి, ఎక్కడ ఎప్పుడు మార్చాలనేది మీ చేతిలో ఉండాలి.

ఆ లోకల్ అకౌంట్ వివరాల వల్ల ఉపయోగం అక్కడే. యూరో ఐబ్యాన్ ఉంటే క్లయింట్‌కి అది మామూలు సెపా ట్రాన్స్‌ఫర్ (యూరప్‌లో బ్యాంకుల మధ్య యూరోలు పంపే పద్ధతి), వాళ్ళ ఊళ్ళో పక్కవాడికి పంపినట్టే, మధ్యవర్తి బ్యాంకు కోత ఉండదు. అమెరికా నుంచైతే ఏసీహెచ్, అంటే అక్కడి బ్యాంకుల మధ్య లోకల్ ట్రాన్స్‌ఫర్. కాకపోతే క్లయింట్ అలవాటుగా స్విఫ్ట్ వైర్ పంపేస్తే ఆ లాభం పోతుంది, అందుకే ఇన్వాయిస్ మీదే ఏ పద్ధతిలో పంపాలో రాయండి.

ఇక ఏ కంపెనీ చవక అని మాత్రం నన్ను అడగొద్దు, దేశాన్ని బట్టి, కరెన్సీ జతని బట్టి, మొత్తాన్ని బట్టి చార్జీలు మారిపోతాయి. ఒకే రోజు ఒకే టైముకి రెండు మూడు చోట్ల 1000 పెట్టి చివరికి చేతికెంత వస్తుంది అనే ఒక్క అంకె చూడండి, ఫీజు కాలమ్ అసలు చూడకండి. శని ఆదివారాలు కరెన్సీ మార్కెట్ మూసి ఉంటుంది కాబట్టి కొందరు రిస్కు పేరుతో మార్కప్ పెంచుతారు, తొందర లేకపోతే వారం మధ్యలో మార్చుకోండి. స్టేబుల్‌కాయిన్లలో, అంటే డాలర్ లాంటి కరెన్సీ విలువకి కట్టేసిన క్రిప్టోలో తీసుకుంటే ఖర్చే ఉండదని కొందరు చెప్తారు, పంపడం చవకే కావొచ్చు గానీ దాన్ని మళ్ళీ మామూలు డబ్బుగా మార్చేటప్పుడు అక్కడా స్ప్రెడ్ ఉంటుంది, పైగా కొన్ని దేశాల్లో చట్టపరంగా చిక్కు, ఆదాయం లెక్క చూపించాల్సి వస్తే కాగితాలు దొరకడం కష్టం కావొచ్చు.

ప్రశ్న: రేటు పెరుగుతుందని డాలర్లు అలాగే ఉంచుకోవచ్చా?

జవాబు: పెరుగుతుందని మీకెవరు చెప్పారు? తిండికీ అద్దెకీ కావాల్సిన డబ్బుతో ఆ పందెం వద్దు. అయితే సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్లు, హోస్టింగ్ లాంటివి మీరు డాలర్లలోనే కడుతుంటే అంత మేరకి డాలర్లు ఉంచుకోవడం తెలివైన పని, లేకపోతే వచ్చిన డాలర్లు ఒకసారి అమ్మి, నష్టపోయి, మళ్ళీ కార్డు మీద ఎక్కువ రేటుకి డాలర్లు కొంటున్నట్టు. ముందు మీ దేశంలో విదేశీ కరెన్సీ ఎంతకాలం ఉంచుకోవచ్చో రూల్ చూసుకోండి, గడువు లోపల మార్చి తీరాలనే దేశాలున్నాయి.

ప్రశ్న: చార్జీలన్నీ క్లయింటే కట్టాలని అడిగితే బాగుంటుందా?

జవాబు: అడగండి, కానీ పని మొదలుపెట్టకముందు అడగండి, డబ్బు తగ్గాక అడిగితే గొడవలా ఉంటుంది. "ఇన్వాయిస్ మొత్తం కోత లేకుండా నా అకౌంట్‌కి చేరాలి, బ్యాంకు చార్జీలు పంపేవారివి" అని ఒప్పందంలో ఒక లైను చాలు. ఔర్ పెట్టినా మీ బ్యాంకు వేసే రేటు మార్కప్ అందులోకి రాదు, అది మీరే మీ ధరలో కలుపుకోవాలి. ఫ్రీలాన్స్ ప్లాట్‌ఫామ్ ద్వారా వస్తుంటే ఈ లైను పనిచేయదు, అక్కడ విత్‌డ్రా చేసేటప్పుడు లోకల్ కరెన్సీలోకి వాళ్ళే మార్చే ఆప్షన్ డిఫాల్టుగా ఉందేమో చూసి, డాలర్లలోనే బయటికి తీసుకునే దారి ఉంటే రెండిటిలో ఏది చేతికి ఎక్కువ ఇస్తుందో ఒక చిన్న మొత్తంతో ట్రై చేసి చూడండి.