డ్రమ్మర్ వెళ్తున్నాడని బ్యాండ్ మూసేయకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు బిడ్డా. మీ డ్రమ్మర్‌కి ఎమ్మెస్ సీటు వచ్చిందనీ, ఆగస్టులో అమెరికా వెళ్ళిపోతున్నాడనీ చెప్పి, "వాడు లేకపోతే ఆ పాటలు ఎవరూ వాయించలేరు మామయ్యా, ఇక ఆపేద్దాం అనుకుంటున్నాం" అన్నావు. నీ గొంతు వింటే నాకూ మాట రాలేదు. ఏదో సర్దిచెప్పాను. చెప్పాల్సింది చాలా ఉంది, అందుకే కాగితం, పెన్ను తీసుకున్నాను. మీ నలుగురూ కలిసి చదవండి, వెళ్ళే అబ్బాయితో సహా.

ఆపకండి. ముందు ఆ మాట చెప్పేసి, తర్వాత మిగతాది.

మాకూ ఇదే జరిగింది. 1986లో మారేడ్‌పల్లిలో మా మేడమీద గదిలో ఐదుగురం వాయించేవాళ్ళం. గోడలకి పాత పరుపులు ఆనించి, కిటికీలకి గోనెసంచులు కట్టి, కరెంటు పోతే అది వచ్చేదాకా మెట్ల మీద కూర్చునేవాళ్ళం. ఇప్పుడు మీకు వీసా ఎలాగో, అప్పుడు మాకు గల్ఫ్ అలాగ. మా గిటారిస్టుకి మస్కట్‌లో ఉద్యోగం వచ్చింది. వాడి బదులు తార్నాక నుంచి ఒక కుర్రాడు సైకిల్ మీద, గిటార్ వీపుకి తగిలించుకుని వచ్చేవాడు. మొదటిరోజు శ్రుతి చేసుకుంటూ తనదేదో కాస్త వాయించాడు. తీగని పక్కకి లాగి వదిలితే అచ్చం వీణ మీద గమకంలా ఉంది. మేం అది వినలేదు. ఆపించి, క్యాసెట్ పెట్టి, "ఇదిగో, మావాడు ఇలా వాయించేవాడు, మాకు ఇలాగే కావాలి" అన్నాం.

ఎనిమిది నెలలు అదే పని. వాయించడం, ఆపడం, క్యాసెట్ వెనక్కి తిప్పడం, "చూడు, ఇక్కడ తేడా వచ్చింది" అనడం. ఒక ఆదివారం ఆ అబ్బాయి మధ్యలోనే స్ట్రాప్ తీసేశాడు. కేబుల్‌ని అరచేతికీ మోచేతికీ మధ్య చక్కగా చుట్టి, ఆంప్లిఫయర్ మీద పెట్టి, "అన్నా, మీకు క్యాసెట్ చాలు" అని దిగి వెళ్ళిపోయాడు. కోపంగా కూడా అనలేదు. ఆ తర్వాత రెండు నెలలు కూడా మేం నిలవలేదు. దాదాపు నలభై ఏళ్ళయినా ఆ చుట్టిన కేబుల్ నా కళ్ళ ముందే ఉంది.

విచిత్రమేమిటంటే, ఎలా చేయాలో మాకు అప్పటికే ఒకాయన చూపించారు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఒక ఆంగ్లో-ఇండియన్ అంకుల్ దగ్గర గిటార్ నేర్చుకునేవాళ్ళం. ఆయన దగ్గర యెస్ అనే బ్యాండు ఎల్పీలు వరసగా ఉండేవి. రికార్డు పెట్టే ముందు కవరు తిప్పి వెనకున్న పేర్లు మాతో చదివించేవారు. ఒకటి రెండు కవర్లకోసారి ఏదో ఒక పేరు మారేది. ఆయన ఏమీ వివరించేవారు కాదు, "మళ్ళీ చదువు" అనేవారు అంతే.

మీరు వాయించే ప్రోగ్రెసివ్ రాక్‌కి, అంటే ఈ పొడుగు పాటల, మెలికల తాళాల రాక్‌కి, యెస్ వాళ్ళు తాతల్లాంటి వాళ్ళు. 1968లో లండన్‌లో మొదలైనప్పుడు పాడేది జాన్ ఆండర్సన్, బేస్ క్రిస్ స్క్వైర్, గిటార్ పీటర్ బ్యాంక్స్, ఆర్గన్ టోనీ కే, డ్రమ్స్ బిల్ బ్రూఫర్డ్. 1970లో బ్యాంక్స్ స్థానంలో స్టీవ్ హౌ వచ్చాడు. 1971లో కే స్థానంలో రిక్ వేక్‌మన్ వచ్చాడు. ఇక 1972లో జరిగింది నీ కథే, అందుకే దాన్ని కొంచెం నిదానంగా చెప్తాను.

'క్లోజ్ టు ది ఎడ్జ్' ఆల్బమ్‌లో ఒక వైపంతా ఒకే పాట, పద్దెనిమిది నిమిషాల పైనే. ముక్కలు ముక్కలుగా వాయించి, టేపు కోసి అతికించి తయారుచేశారు. ప్రతి ముక్క దగ్గరా గంటలకొద్దీ వాదన. బ్రూఫర్డ్‌కి విసుగొచ్చింది. రికార్డింగ్ అయిపోయింది, ఆల్బమ్ ఇంకా బయటికి రాలేదు, అమెరికా టూరు నెత్తి మీద ఉంది. ఆ టైములో అతను కింగ్ క్రిమ్సన్ అనే ఇంకో బ్యాండ్‌లో చేరిపోయాడు. యెస్ వాళ్ళు అలన్ వైట్ అనే డ్రమ్మర్‌ని పిలిచారు. జాన్ లెనన్ 'ఇమాజిన్'కి డ్రమ్స్ వాయించింది ఇతనే. ఈ మెలికల లెక్కలన్నీ నేర్చుకోవడానికి అతనికి దొరికింది మూడు రోజులు. అలా ఎక్కినవాడు యాభై ఏళ్ళు ఆ కుర్చీలో ఉన్నాడు, 2022 మే నెలలో చనిపోయేదాకా.

మీ నలుగురూ ఈ వారం ఒక పని చేయండి. 'సైబీరియన్ ఖాట్రు' పాట ముందు 'క్లోజ్ టు ది ఎడ్జ్'లో వినండి, అది బ్రూఫర్డ్. తర్వాత 1973లో వచ్చిన 'యెస్‌సాంగ్స్' అనే లైవ్ ఆల్బమ్‌లో వినండి, అది వైట్. స్నేర్ అనే ముందుండే చిన్న డ్రమ్ మీద బ్రూఫర్డ్ దెబ్బ గిన్నె మీద చెంచా తగిలినట్టు టంగుమంటుంది, మనం అనుకున్న చోట పడదు, పక్కన పడుతుంది. జాజ్ విన్న చెయ్యి అది. వైట్ చెయ్యి బరువు. పాటని కింద నుంచి నెట్టుకుంటూ పోతాడు. పాట అదే, లెక్క అదే, నడక వేరు. ఆ లైవ్ ఆల్బమ్‌లోనే 'పర్పెచువల్ చేంజ్' లాంటి ఒకటి రెండు చోట్ల బ్రూఫర్డ్ కూడా ఉన్నాడు. వెళ్ళినవాడూ వచ్చినవాడూ ఒకే ఆల్బమ్‌లో ఉన్నారు, ఎవరూ ఎవరినీ చెరిపేయలేదు.

కాబట్టి కొత్త డ్రమ్మర్‌కి మీరు ఇవ్వాల్సింది లెక్క. నడక ఆ మనిషికి వదిలెయ్యి. మీ పొడుగు పాటలో ఏడు మాత్రల భాగం ఉంది కదా, అది మన మిశ్రచాపు తాళమే. తకిట తకధిమి అని చేత్తో వేసి చూపించు. ఐదు వచ్చేచోట తక తకిట. ఎన్ని ఆవర్తాలు, ఎక్కడ ఆగాలి, ఎవరి సైగతో మళ్ళీ ఎత్తుకోవాలి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసివ్వు. మధ్యలో వేసే రోల్సూ సింబల్ దెబ్బలూ మాత్రం చెప్పకు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభకి నిన్ను చిన్నప్పుడు ఎన్నిసార్లు తీసుకెళ్ళాను! మృదంగం వాయించే ఆయన ఒక్కోసారి పాడే ఆయన్ని స్టేజి మీదే మొదటిసారి కలుస్తారు. "నిన్నటి ఆయన వాయించినట్టే వాయించండి" అని ఎవరైనా అనగా విన్నావా? మన దగ్గర ఇది ఎప్పటినుంచో ఉన్న మర్యాద.

మీ డ్రమ్మర్ వెళ్ళేలోపు పాటలన్నీ రికార్డు చేసి ఉంచుకోండి, తప్పకుండా. కానీ కొత్తగా వచ్చే మనిషికి మొదటి నెల అది వినిపించవద్దు. తన చెయ్యి పాటలో కుదురుకున్నాక వింటే అందులోంచి తనకి కావాల్సింది తనే తీసుకుంటారు. ముందే వినిపిస్తే మా తార్నాక అబ్బాయి సంగతే అవుతుంది.

వెళ్ళేవాడి గౌరవం గురించి కూడా చెప్పాలి. యెస్ రెండో ఆల్బమ్ 'టైమ్ అండ్ ఎ వర్డ్'లో గిటార్ పీటర్ బ్యాంక్స్ వాయించాడు. అది అమెరికాలో విడుదలయ్యేటప్పటికి అతన్ని తీసేశారు, అక్కడి కవరు మీద కొత్తగా వచ్చిన స్టీవ్ హౌ ఫొటో వేశారు. వాయించినవాడు ఒకడు, బొమ్మ ఇంకొకడిది. ఆ కవరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మీ పాత వీడియోల్లో ఆ అబ్బాయి పేరు తీసేయకండి. కొత్త ఫొటో కొత్త పాటతోనే పెట్టండి.

అలాగే 2008లో ఆండర్సన్‌కి ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆసుపత్రి పాలైతే, మిగతావాళ్ళు యెస్ పాటలే పాడుతూ తిరిగే కెనడా బృందం నుంచి బెన్వా డేవిడ్ అనే గాయకుణ్ణి తెచ్చుకుని టూరుకి వెళ్ళారు. ఆండర్సన్ బాధపడ్డాడు, ఆ బాధ బయటికి కూడా చెప్పుకున్నాడు. నలభై ఏళ్ళ స్నేహం బిడ్డా. టూరు ఆపలేకపోవచ్చు, ఆ కష్టం నాకు అర్థమవుతుంది. కానీ కొత్తమనిషిని తీసుకుంటున్నామన్న మాట పాతమనిషికి మీ నోటితోనే తెలియాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి తెలుసుకునే పరిస్థితి రానివ్వకు.

ఇన్‌స్టాగ్రామ్ అంటే గుర్తొచ్చింది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది? యూట్యూబ్ ఛానెల్ ఎవరి మెయిల్ మీద ఉంది? డ్రమ్ కిట్‌కి ఎవరెవరు ఎంత వేసుకున్నారు? ఈ ఆదివారమే ఒక నోటుబుక్కులో రాసి నలుగురూ సంతకాలు పెట్టండి, ప్రేమగా ఉన్నప్పుడే. 1989లో ఆండర్సన్, బ్రూఫర్డ్, వేక్‌మన్, హౌ మళ్ళీ కలిసి ఆల్బమ్ చేస్తే యెస్ అన్న పేరు పెట్టుకునే వీలు లేకపోయింది, పేరు స్క్వైర్ వైపు వాళ్ళ దగ్గర ఉంది. నలుగురి ఇంటిపేర్లే బ్యాండ్ పేరైంది. 1991లో రెండు వర్గాల్నీ ఎనిమిదిమందిగా కలిపి 'యూనియన్' తెచ్చారు. అది వింటే కళ్ళనీళ్ళొస్తాయని వేక్‌మన్ దాన్ని ఉల్లిపాయ పేరుతో పిలుస్తాడు.

మీ కీబోర్డు అబ్బాయికి కొత్త పాటలు నచ్చడం లేదన్నావు. దాన్ని నానబెట్టకు. 1973లో ఆండర్సన్ మన పరమహంస యోగానంద ఆత్మకథలో శాస్త్రాల గురించిన పేజీ అడుగున ఉన్న ఒక నోటు చదివి, శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అని నాలుగు పొడుగు పాటలతో డబుల్ ఆల్బమ్ కట్టాడు. వేక్‌మన్‌కి అది ఒంటబట్టలేదు. టూరులో ఒకసారి స్టేజి మీదే కీబోర్డుల మధ్య కూర్చుని కర్రీ తిన్నానని తనే చెప్పాడు. 1974లో మానేశాడు. 1976లో మళ్ళీ వచ్చి, 'గోయింగ్ ఫర్ ది వన్'లో ఎంత బాగా వాయించాడని! మనిషికి ఇష్టం లేని పాట దగ్గర అతన్ని కట్టేయకు. వెళ్తానంటే వెళ్ళనివ్వు, గొడవ పెట్టుకోకుండా. టోనీ కే పన్నెండేళ్ళ తర్వాత తిరిగొచ్చాడు.

పాడేవాళ్ళు మారితే ఇంకా కష్టం. 1980లో ఆండర్సన్, వేక్‌మన్ ఇద్దరూ ఒకేసారి వెళ్ళిపోతే, బగుల్స్ అనే బ్యాండ్ నుంచి ట్రెవర్ హార్న్, జెఫ్ డౌన్స్ వచ్చారు. 'డ్రామా' ఆల్బమ్ నాకు ప్రాణం. కానీ స్టేజి మీద హార్న్ చేత ఆండర్సన్ పాటలు ఆండర్సన్ స్థాయిలో పాడించారు. రోజూ ఆ పై స్వరాలు ఎక్కలేక అతని గొంతు దెబ్బతింది. మరుసటి ఏడాది బ్యాండే ఆగిపోయింది. మళ్ళీ అదే హార్న్ 1983లో '90125'కి ప్రొడ్యూసర్‌గా కూర్చున్నాడు. అందులోని 'ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్' 1984 జనవరిలో అమెరికాలో నంబర్ వన్ అయింది. మనిషి అదే, కూర్చోబెట్టిన చోటు వేరు. ఎవరైనా మీ దగ్గర కుదరకపోతే పంపించేసే ముందు, ఇంకో చోట కూర్చోబెడితే ఎలా ఉంటుందో ఒకసారి చూడు.

ఇక నీ గురించి. నువ్వు బేస్ వాయిస్తావు. అందరూ ముందు గాయకుణ్ణీ గిటార్‌నీ చూస్తారు, నువ్వు పక్కన నిలబడతావు. యెస్‌లో 2015 దాకా ఒక్క స్టూడియో ఆల్బమ్ కూడా వదలకుండా వాయించిన మనిషి ఒక్కడే, బేస్ వాయించిన క్రిస్ స్క్వైర్. 1983లో ఆండర్సన్‌కి టేపు వినిపించి మళ్ళీ వెనక్కి రప్పించింది కూడా ఆయనే. ఆయన వాయించింది వింటే ఎందుకో తెలుస్తుంది. తన రికెన్‌బ్యాకర్ బేస్ మీద పిక్‌తో కొడితే ఆ స్వరం గిటార్ కింద దాక్కోదు, పక్కనే నడుస్తుంది. కొత్తగా ఎవరొచ్చినా ఆ శబ్దం వినబడగానే ఏ ఇంట్లో అడుగుపెట్టారో తెలిసిపోతుంది. మీ బ్యాండ్‌లో ఆ పని నీదని నాకు అనిపిస్తోంది. నీ భాగాలు ఎవరి కోసమూ తగ్గించుకోకు.

2015 జూన్‌లో స్క్వైర్ ల్యుకేమియాతో పోయాడు. తన చోట బిల్లీ షెర్వుడ్‌ని ఉండమని ముందే చెప్పాడు. ఆ ఏడాది కచేరీల్లో ఆయన బేస్‌ని స్టేజి మీద ఒంటరిగా నిలబెట్టి, దాని మీద ఒక్క లైటు వేసి, పాత రికార్డు నుంచి ఆయన రాసిన పాట వినిపించాకే వాయించడం మొదలుపెట్టారు. ఆ బేస్‌ని ఎవరూ భుజానికి తగిలించుకోలేదు. షెర్వుడ్ తన బేస్‌తో వచ్చి నిలబడ్డాడు.

ఆగస్టుకి ఇంకా టైముంది. ఆ అబ్బాయితో ఒక మంచి కచేరీ పెట్టుకోండి, లామకాన్‌లో అడిగి చూడు. మేడమీద గది అలాగే ఉంది, నిన్న పనిమనిషి చేత తుడిపించాను. పరుపులు పాతవైపోయాయి కానీ గోడలకి ఆనించడానికి పనికొస్తాయి. కొత్త డ్రమ్మర్ ఎవరైనా దొరికితే మొదటిరోజు ఇక్కడికే తీసుకురా. వెళ్ళేవాణ్ణి కూడా రమ్మను, ఏడు మాత్రల లెక్క అతనే చేత్తో వేసి చూపించాలి. అత్తయ్య ఆదివారం పచ్చిపులుసు చేస్తానంది. పదకొండుకల్లా వచ్చేయండి, మధ్యాహ్నం మూడింటికి పక్కింటి ముసలాయన పడుకుంటారు.

మీ మామయ్య