సీటు సరే, మంచం ఖర్చు ఎంత?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్, టైలరింగ్ షాపు ఉంది. బీసీ-బి. పాపకు ఈఏపీసెట్‌లో 16 వేల ర్యాంకు వచ్చింది. హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) వచ్చేలా ఉంది. ఏడాదికి ఫీజు లక్ష, కాలేజీ హాస్టల్ లక్షా పది వేలు. బయటి లేడీస్ హాస్టల్ నెలకు 7,500 అంటున్నారు. అర ఎకరం కుదువపెట్టి అయినా కాలేజీ హాస్టల్లోనే ఉంచమంటారా?

జవాబు: ముందు కూడిక వేద్దాం. మీ ఆదాయం ఫీజు రీయింబర్స్‌మెంట్ పరిమితి లోపే ఉందనుకుంటున్నాను (ఏడాదికి పల్లెల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు). ర్యాంకు 10 వేలు దాటితే బీసీలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ 35 వేలే. మిగతా 65 వేలు మీ చేతి నుంచి పడతాయి, నాలుగేళ్లకు 2.60 లక్షలు. హాస్టల్‌కో? 4.40 లక్షలు. చదువుకన్నా మంచమే ఖరీదన్నమాట! ట్యూషన్ ఫీజు ఎంతో ప్రభుత్వం వేసిన ఫీజుల కమిటీ తేలుస్తుంది. హాస్టల్‌కు ఆ పగ్గం లేదు, కాలేజీ చెప్పిందే రేటు. కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకుతో, సీటు కొట్టిన పిల్ల కూడా ఇక్కడికొచ్చేసరికి వెనక్కి తగ్గాల్సి వస్తోంది. నన్నడిగితే అసలు అన్యాయం ఇదే.

పోయినేడాది ఇలాంటి హాస్టల్ ఒకటి చూడ్డానికి వెళ్లాను. ముందు మోడల్ రూమ్ చూపించారు. పిల్లలుండే గది తలుపు తీయిస్తే నాలుగు మంచాలు, ఒకటే ప్లగ్ పాయింటు, దానికి వేలాడుతున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు, నాలుగు ఛార్జర్లు. గోడ మీద నోటీసు: అమ్మాయిలు సాయంత్రం ఆరున్నరకల్లా లోపలుండాలి. అబ్బాయిలకు తొమ్మిదిన్నర. లైబ్రరీ చూస్తే ఎనిమిది దాకా! భద్రత పేరు చెప్పి అమ్మాయిలకు వివక్షతో కూడిన రూల్స్ పెట్టకూడదని 2016 యూజీసీ (విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం) నిబంధనల్లోనే ఉంది. ఆ మాటంటే వార్డెన్ నవ్వి ఊరుకున్నారు.

కాబట్టి కాలేజీ హాస్టల్ అనగానే భద్రమని టెన్షన్ వదిలేయకండి. బయటి హాస్టల్‌కు పది నెలలకు 75 వేలు, నాలుగేళ్లకు 3 లక్షలు. అందులో చేర్చేటట్లయితే సెలవుల్లోనూ అద్దె పడుతుందా, అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోండి. బిల్లులో జీఎస్టీ వేస్తే అడగండి. నెలకు 20 వేల లోపు ఉండి, కనీసం 90 రోజులు ఉండేవాళ్ల అద్దెకు 2024 జులై నుంచి మినహాయింపు ఉంది.

వీటికన్నా ముందు ప్రయత్నించాల్సింది బీసీ సంక్షేమ శాఖ వాళ్ల కాలేజీ అమ్మాయిల హాస్టల్. ఉండటం, తిండి ఉచితం. అక్కడ ఒక్కొక్కరి తిండికి ప్రభుత్వం ఇచ్చే మెస్ ఛార్జీలు నెలకు 1,500 నుంచి 2,100కు పెంచారు కూడా. సీట్లు తక్కువ, అందుకని కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో వనపర్తి జేఎన్‌టీయూ కాలేజీని కూడా పైన పెట్టండి, నిరుటి చివరి ర్యాంకులు చూసుకుని. మీకు పొరుగు జిల్లానే కదా.

అర ఎకరం జోలికి మాత్రం వెళ్లొద్దు. ఎడ్యుకేషన్ లోన్‌లో హాస్టల్ ఖర్చు కూడా కలుపుతారు, 4 లక్షల లోపు అయితే తాకట్టు అడగరు. ఏ హాస్టల్ అయినా ఆదివారం కాకుండా మామూలు రోజు, రాత్రి భోజనం వేళకు వెళ్లి చూడండి. పాపను వెంట తీసుకెళ్లండి, ఉండాల్సింది తనే.