ఆదోనిలో ఉండి సైకాలజీ రీసెర్చ్ చేయొచ్చా?

ప్రశ్న: ఆదోనిలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. సైకాలజీ నా సబ్జెక్ట్. తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పీజీ, ఆపైన పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఇప్పటి నుంచే రీసెర్చ్ అనుభవం ఉండాలంటున్నారు. మా కాలేజీలో ల్యాబ్ లేదు. డబ్బు కడితే నెలలో ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇచ్చి, పేపర్ కూడా పబ్లిష్ చేయిస్తామని ఆన్‌లైన్‌లో ఒకరు చెబుతున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టొద్దమ్మా. రేపు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఆ పేపర్ గురించి "ఎంతమందితో మాట్లాడారు? వాళ్లనే ఎందుకు ఎంచుకున్నారు? వద్దన్నవాళ్లు ఉన్నారా?" అని అడుగుతారు. పని చేసినవాళ్లే వాటికి తడుముకోకుండా జవాబు చెప్పగలరు.

ల్యాబ్ లేదని దిగులు పడకండి. దేశంలోని జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా మీ పక్కనున్న బళ్లారిలోనే తయారైంది. 1980లలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు అక్కడి పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, ఊళ్లలోనే వైద్యం అందేలా చేసి చూశారు. 1996లో కేంద్రం ఆ పద్ధతిని వేరే జిల్లాలకు తీసుకెళ్లింది. పెద్ద పరికరాలేమీ లేకుండానే జరిగిన పని అది.

మొదటి సంవత్సరం అయ్యాక వేసవిలో మీకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ ఉంటుంది. చాలామంది దాన్ని ఫారాలు నింపి, ఫొటోలు అంటించి ముగిస్తారు. మీరు దాన్నే మీ మొదటి రీసెర్చ్‌గా మార్చుకోండి.

ప్రశ్న మీ ఊళ్లోనే దొరుకుతుంది. ఆదోని, కోసిగి, ఆలూరు వైపు నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే సీజన్ కూలి పనులకు వలస, పోతాయి. పిల్లలు అవ్వల దగ్గర ఉండిపోతారు. అమ్మానాన్న లేని ఆ నెలల్లో పిల్లల నిద్ర, తిండి, బడి ఎలా ఉంటాయి? అవ్వ ఆ భారాన్ని ఎలా మోస్తుంది? ఇది మీరు అడగగలిగిన ప్రశ్న. హైదరాబాద్ నుంచి వచ్చిన స్కాలర్‌కు ఆ గడప దగ్గర మాట కలవడానికే వారం పడుతుంది. మీకు మొదటి పూటే కలుస్తుంది.

పిల్లల్ని మాత్రం నేరుగా అడగొద్దు. 18 ఏళ్ల లోపువాళ్లతో పరిశోధనకు తల్లిదండ్రుల అనుమతి, పిల్లల ఇష్టం రెండూ కావాలి. మొదటి ప్రయత్నంలో అంత బరువు వద్దు. పది పన్నెండు మంది అవ్వలతో మాట్లాడితే చాలు. ముందు మీ లెక్చరర్‌కు ప్రశ్నలు చూపించి, కాలేజీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఎందుకు అడుగుతున్నారో, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా ఆపేయొచ్చని అవ్వలకు అర్థమయ్యేలా చెప్పండి. ఒప్పుకుంటేనే ఫోన్‌లో రికార్డ్ చేయండి. పేర్లు ఎక్కడా రాయొద్దు.

డిప్రెషన్ స్కేళ్లను, అంటే కుంగుబాటును కొలిచే ప్రశ్నపత్రాలను, గూగుల్ ఫామ్‌లో పెట్టి వాట్సాప్ గ్రూపులకు పంపే అలవాటు మన విద్యార్థుల్లో బాగా ఉంది. ఇది నాకు నిజంగా భయం పుట్టించే విషయం. వాటిలో ఒకటైన పీహెచ్‌క్యూ-9లో చివరి ప్రశ్న చనిపోవాలనే ఆలోచనల గురించి. ఎవరైనా దానికి అవునని టిక్ పెడితే మీరేం చేస్తారు? పేరు తెలియదు, ఊరు తెలియదు. శిక్షణ ఉన్నవాళ్ల పర్యవేక్షణ లేకుండా వాటి జోలికి పోవద్దు. ఇంటర్వ్యూ మధ్యలో ఎవరైనా కుంగిపోయి కనిపిస్తే ప్రశ్నలు ఆపేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 ఇవ్వండి. మీ లెక్చరర్‌కు వెంటనే చెప్పండి.

ఇక అసలు కష్టం ఇంటికొచ్చాక. రికార్డింగ్ విని, వాళ్లు మాట్లాడిన యాసలోనే మాట మాటా రాయాలి. అరగంట మాటలకు ఒక పూట పట్టొచ్చు, విసుగొస్తుంది. కానీ మళ్లీ మళ్లీ వస్తున్న విషయాలు కంటపడేది అప్పుడే. లెక్కలు, గణాంకాలు అవసరమైనప్పుడు జమోవి, జాస్ప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిని సెలవుల్లో నేర్చుకోవచ్చు.

ఐదారు పేజీల రిపోర్ట్ చేతికొచ్చాక పెద్దవాళ్ల తలుపు తట్టండి. కర్నూలు మెడికల్ కాలేజీలో ఎండీ చదివే డాక్టర్లందరూ థీసిస్ చేయాల్సిందే, వాళ్లకు మీ సాయం పనికిరావచ్చు. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ సైకాలజీ విభాగం ఉంది. "నాకు ఇంటర్న్‌షిప్ ఇవ్వండి" అని రాస్తే జవాబు రావడం కష్టం. వాళ్ల పేపర్ ఒకటి చదివి, అందులో మీకొచ్చిన ఒక్క సందేహం రాయండి. తెలుగు ఇంటర్వ్యూలు రాసిపెట్టగలనని, డేటా ఎంట్రీ చేయగలనని చెప్పండి. రిపోర్ట్ జత చేయండి. పది రోజులు చూసి ఒకసారి గుర్తు చేయండి. అప్పటికీ పలకకపోతే ఇంకొకరికి రాయండి.